సాయంత్రానికి కళ్ళలో ఇసుక పడ్డట్టు ఉంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న:
నాకు 52 ఏళ్ళు, విజయవాడలో డీటీపీ పని. పొద్దున పదింటికి కూర్చుంటే రాత్రి ఎనిమిదింటి దాకా తెలుగు పుస్తకాల ప్రూఫులు దిద్దుతూనే ఉంటాను. నాలుగు దాటాక కళ్ళు ఒకటే మంట, గరగర, నుదురంతా పట్టేస్తుంది. థ, ధలకు తేడా అంతా పొట్టలో చుక్కే కదా, ఆ చుక్క కనపడక మొన్న ఒక పుస్తకంలో 'కథ' ఉండాల్సిన చోటల్లా 'కధ' అలాగే వదిలేశాను, ఆ రచయితకి మొహం చూపించలేకపోయాను. రెండేళ్ళ క్రితం చత్వారానికి ప్లస్ 2 అద్దాలు తీసుకున్నాను, పేపరు శుభ్రంగా కనపడుతుంది. దూరం చూపుకి నంబరు లేదు. షాపులో బ్లూ లైట్ కోటింగ్ అని ఎక్కువ డబ్బులు కూడా తీసుకున్నారు, తేడా ఏమీ లేదు. మంచి చుక్కల మందు ఏదైనా ఉంటే చెప్పండి.

జవాబు 1:
చుక్కల సంగతి తర్వాత, ముందు మీ కంటికీ తెరకీ ఎంత దూరమో కొలవండి. నేను ఆప్టోమెట్రిస్టుని, అంటే చూపు పరీక్షించి అద్దాల నంబరు రాసేదాన్ని, రోజూ చూసే కేసే ఇది. 100ని మీ అద్దం నంబరు 2తో భాగిస్తే 50, అంటే మీ అద్దంతో 50 సెంటీమీటర్లు, సుమారు 20 అంగుళాలు దాటిందంటే అక్షరం మసకబారుతుంది. పేపరు చేతిలో పట్టుకుంటాం కాబట్టి ఇబ్బంది తెలియదు, మానిటర్ మాత్రం ఆ హద్దుకి అవతల ఉంటుంది, అందుకే మీకు తెలియకుండానే మెడ ముందుకు చాచి, కళ్ళు చికిలించి చదువుతుంటారు. కంప్యూటర్ దూరానికి వేరే నంబరు రాస్తారు, అడగండి.

మంట, గరగర వేరే సంగతి. మామూలుగా నిమిషానికి 15 సార్ల దాకా రెప్ప వేస్తాం, తెర చూస్తుంటే అది సగానికో ఇంకా తక్కువకో పడిపోతుంది, వేసేది కూడా అరకొరగా వేస్తాం, దాంతో కంటి మీద తడి ఆరిపోతుంది. మానిటర్ పై అంచు కంటి ఎత్తుకి కాస్త కిందే ఉంచండి, చూపు కిందికి ఉంటే రెప్ప ఎక్కువ భాగాన్ని కప్పుతుంది. ఏసీ గాలి, ఫ్యాన్ గాలి మొహానికి నేరుగా తగలకూడదు. 20 నిమిషాలకోసారి 20 అడుగుల అవతల ఉన్నదాన్ని 20 సెకన్లు చూడండి, ఆ కాసేపు రెప్ప పూర్తిగా మూసి తెరవండి.

బ్లూ లైట్ కోటింగ్ విషయం: 2023లో వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ వాళ్ళు 17 పరిశోధనలు కలిపి చూస్తే, కొద్దికాలంలో కళ్ళ అలసట తగ్గించడంలో మామూలు అద్దాల కంటే ఆ కోటింగ్ అద్దాల వల్ల లాభం ఉన్నట్టు తేలలేదు.

జవాబు 2:
నేనూ ప్రూఫ్ రీడర్నే అక్కా. అలారం పెట్టుకుంటే పనిలో చిరాకేసి ఆపేసేదాన్ని, ఇప్పుడు పేజీ అయినప్పుడల్లా కిటికీలోంచి ఎదురింటి కొబ్బరిచెట్టు చూస్తాను. జూమ్ 150 పెట్టండి, ఒత్తులూ చుక్కలూ విడివిడిగా కనపడతాయి. ఆఖరి ప్రూఫు మాత్రం కాగితం మీదే.

జవాబు 3:
చుక్కల గురించి ఒక్క మాట అక్కా. మా అన్నయ్య కళ్ళు ఎర్రబడ్డాయని మెడికల్ షాపులో అడిగి ఏదో వేసుకున్నాడు, వెంటనే హాయిగా ఉందని నెలల తరబడి వాడాడు. అందులో స్టెరాయిడ్ ఉంది. కంట్లో ప్రెషర్ పెరిగి నీటికాసుల (గ్లకోమా) దాకా వచ్చింది, పోయిన చూపు తిరిగి రాలేదు. తడి కోసం వేసే కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ చుక్కలు వేరు, అవి సాధారణంగా వేసుకోవచ్చు, రోజుకి నాలుగుసార్లకి మించి అవసరమైతే ప్రిజర్వేటివ్ లేనివి తీసుకోవాలి. ఎర్రదనం పోగొట్టే చుక్కల జోలికి మీ అంతట మీరు వెళ్ళకండి. షుగర్ ఉంటే రెటీనా కూడా చూపించుకోండి, దయచేసి.

ప్రశ్న అడిగినవారు:
స్కేలు పెట్టి కొలిచాను, 27 అంగుళాలు! మానిటర్ కింద రెండు డిక్షనరీలు పెట్టి ఎత్తుగా ఉంచాను, అవి తీసేశాను. రేపు కంటి డాక్టరు దగ్గరికి ఈ కొలత రాసుకుని వెళ్తున్నాను.