ఇంటర్ బైపీసీ తర్వాత నేరుగా పబ్లిక్ హెల్త్ డిగ్రీలో చేరొచ్చా?

సోంపేట_బైపీసీ

అందరికీ నమస్కారం. మాది సోంపేట దగ్గర ఒక ఊరు. ఇంటర్ బైపీసీ అయింది. నీట్‌లో వచ్చిన మార్కులకి ఎంబీబీఎస్ సీటు రాదు, లాంగ్ టర్మ్ కోచింగ్‌కి వెళ్ళే ఉద్దేశం నాకు లేదు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు యూనివర్సిటీవాళ్ళు బ్యాచిలర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ ఉంది, దానికి నీట్ అక్కర్లేదు, చేరండి అని రోజూ ఫోన్ చేస్తున్నారు. నాన్న మాత్రం బీఎస్సీ నర్సింగ్ చెయ్యి, ఎక్కడికి వెళ్ళినా అన్నం పెడుతుంది అంటున్నారు.

ఈ కోర్సు మీద మనసు పోవడానికి కారణం మా ఊరే. మా ఉద్దానం ప్రాంతంలోని కిడ్నీ జబ్బు గురించి వినే ఉంటారు. మా వీధిలోనే డయాలసిస్‌కి తిరిగేవాళ్ళున్నారు, అందులో మా తాత ఒకరు. ఎన్నో ఏళ్ళుగా ఎవరెవరో వస్తున్నారు, రక్తం తీసుకెళ్తున్నారు, బోరు నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్తున్నారు, ఎందుకొస్తోందో మాత్రం ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేదు. అసలు అలాంటిది ఎలా తేలుస్తారో నేర్చుకోవాలని ఉంది నాకు. ఈ డిగ్రీలో అది నేర్పుతారా? అయ్యాక ఉద్యోగం ఉంటుందా, లేకపోతే ఎలాగూ ఎంపీహెచ్ (పబ్లిక్ హెల్త్‌లో పీజీ) చెయ్యాల్సిందేనా? చెయ్యాల్సిందే అయితే ముందు ఏ డిగ్రీ చేసినా ఒకటేనా? ఈ వారంలో ఫీజు కట్టమంటున్నారు, చాలా టెన్షన్‌గా ఉంది.

ఫీల్డ్_డ్యూటీ

చెల్లెమ్మా, ముందు ఆ ఫీజు ఆపు. ఈ వారంలో కట్టకపోతే సీటు పోతుందనేది అన్ని చోట్లా చెప్పే మాటే.

నేను ఒక జిల్లాలో కాంట్రాక్టు మీద ఎపిడెమియాలజిస్టుగా, అంటే జబ్బు ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తోందో లెక్కతీసే పనిలో, చేస్తున్నాను, కాబట్టి ఉద్యోగం సంగతి నేరుగా చెప్తాను. మన దేశంలో పబ్లిక్ హెల్త్ చదువంటే ఇప్పటికీ ప్రధానంగా పీజీ చదువే. కలకత్తాలో ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హైజీన్ అండ్ పబ్లిక్ హెల్త్ 1932లోనే పెట్టినా చాలాకాలం అది డాక్టర్ల చదువుగానే ఉండిపోయింది. తిరువనంతపురం శ్రీచిత్ర వైద్య సంస్థలో ఎంపీహెచ్ 1997లో మొదలైంది, మన హైదరాబాద్ ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) వచ్చింది 2008లో. డిగ్రీ స్థాయి కోర్సులు ఆ తర్వాత ఒకటీ అరా వచ్చాయి, వాటిని పేరు పెట్టి అడిగే ప్రభుత్వ పోస్టులు నాకైతే దాదాపు కనబడలేదు. నా మాట నమ్మనక్కర్లేదు, మీ జిల్లా వెబ్‌సైట్‌లో రిక్రూట్‌మెంట్ పేజీ తెరిచి డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆఫీసు ఇచ్చిన పాత నోటిఫికేషన్లు కూర్చుని చదువు. అర్హత అన్న గడి ఒక్కటే చూడు. ఎపిడెమియాలజిస్టుకి ఎంబీబీఎస్‌నో ఎంపీహెచ్‌నో అడుగుతారు, ఎంటమాలజిస్టుకి (దోమలు, పురుగుల నిపుణుడు) జువాలజీ ఎమ్మెస్సీ అడుగుతారు, విలేజ్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) పోస్టుకి బీఎస్సీ నర్సింగ్ అడుగుతారు.

అందుకే మీ నాన్నగారి మాట కొట్టిపారెయ్యొద్దు. నర్సింగ్ చేసి, ఎంఎల్‌హెచ్‌పీగా రెండు మూడేళ్ళు ఊళ్ళో పనిచేసి, అప్పుడు ఎంపీహెచ్‌కి వెళ్ళినవాళ్ళు నాకు తెలుసు, క్లాసులో వాళ్ళు అడిగే ప్రశ్నలే వేరుగా ఉంటాయి. బీపీ, షుగర్ రిజిస్టర్లు చేత్తో రాసినవాళ్ళకి ఆ అంకెల్లో ఏది నిజమో ఏది నింపిందో చూడగానే తెలుస్తుంది. నర్సింగ్ మీద మనసు లేకపోతే స్టాటిస్టిక్స్ ఉన్న బీఎస్సీ గానీ, న్యూట్రిషన్ గానీ తీసుకో. చాలాచోట్ల ఎంపీహెచ్‌కి ఏ డిగ్రీవాళ్ళనైనా తీసుకుంటారు, అన్నిచోట్లా కాదు, ప్రాస్పెక్టస్ చూసుకోవాలి.

ఇక పని ఎలా ఉంటుందంటావా, ఒక ఊళ్ళో విరేచనాలు మొదలయ్యాయని ఏఎన్ఎం పోర్టల్‌లో ఎక్కిస్తుంది. ఇదివరకు జబ్బుల లెక్కలు ఎస్, పీ, ఎల్ అనే మూడు ఫారాల్లో వారానికోసారి వచ్చేవి, ఇప్పుడు ఐహెచ్ఐపీ అనే ఆ ప్రభుత్వ పోర్టల్‌లో ఎప్పటికప్పుడు కనబడుతుంది. మేం వెళ్ళి లైన్ లిస్ట్ రాస్తాం: పేరు, వయసు, ఏ వీధి, మొదటి విరేచనం ఎప్పుడయింది, ఏ కుళాయి నీళ్ళు తాగారు. కుళాయి నీళ్ళలో క్లోరిన్ పరీక్ష చుక్కలు వేసి చూస్తాం, పసుపు రంగు తిరగకపోతే క్లోరిన్ లేదన్నమాట. లైన్ లిస్ట్‌ని వీధులవారీగా మ్యాపు మీద పెడితే చాలాసార్లు పైపు మురుక్కాలువని దాటే చోటికే దారి తీస్తుంది. ఎప్పుడూ ఇంత తేలిగ్గా తేలదనుకో. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోతే దేశంలోని పెద్ద పెద్ద సంస్థలన్నీ దిగాయి. ఎయిమ్స్ రక్తంలో సీసం, నికెల్ చూసింది, తర్వాత అనుమానం పురుగుమందుల మీదికి కూడా మళ్ళింది. ఆ విషం ఒంట్లోకి ఏ దారిన వెళ్ళిందన్నదే చివరిదాకా కష్టమైన ప్రశ్న.

బీపీహెచ్_ఫైనలియర్

అన్న చెప్పింది ఉద్యోగాల వరకు కరెక్టే, కానీ ఈ డిగ్రీ వేస్ట్ అనుకుని వెళ్ళిపోకు అక్కా. నేను ఇదే చదువుతున్నాను. ఎపిడెమియాలజీ, బయోస్టాటిస్టిక్స్, పర్యావరణ ఆరోగ్యం, న్యూట్రిషన్, హెల్త్ ఎకనామిక్స్, ఆరోగ్య చట్టాలు, అన్నీ కొద్దికొద్దిగా ఉంటాయి. చివరికి ఎవరెంత నేర్చుకున్నారనేది ఫీల్డ్ పోస్టింగ్‌ని బట్టి ఉంటుంది.

నాకు బాగా గుర్తుండిపోయింది అంగన్‌వాడీలో పోషకాహార లోపం ఉందేమో చూడ్డానికి పిల్లల దండచెయ్యి (మోచేతి పైభాగం) చుట్టుకొలత తీయడం. మూడు రంగుల టేపు ఉంటుంది, 11.5 సెంటీమీటర్ల లోపు ఎరుపు, 12.5 దాకా పసుపు, ఆపైన ఆకుపచ్చ. చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది, కానీ టేపు కాస్త బిగించి పట్టుకుంటే పసుపు పిల్ల ఎరుపులోకి వెళ్ళిపోతుంది, వదులుగా పట్టుకుంటే ఎరుపు పిల్ల పసుపులోకి వచ్చేసి ఆ పిల్లకి అందాల్సిన సాయం అందదు. మా ఇద్దరు ముగ్గురం ఒకే పిల్లని కొలిస్తే వేర్వేరు అంకెలొచ్చాయి, ఆ రోజంతా మేడం మాతో మళ్ళీ మళ్ళీ కొలిపించారు. కొలతలో తప్పు అంటే ఏంటో పుస్తకంలో చదివితే నాకు అంత ఎక్కేది కాదు.

ఫైలేరియా (బోదకాలు) రాత్రి సర్వేకి కూడా వెళ్ళాం, ఆ పురుగు పిల్లలు రాత్రిపూటే రక్తంలోకి ఎక్కువగా వస్తాయి కాబట్టి ఎనిమిదిన్నర దాటాక ఇల్లిల్లూ తిరిగి వేలి నుంచి రక్తం తీయాలి. నిద్రపోయే టైంలో వచ్చి రక్తం అడిగితే జనం తిడతారు, ఆశ వర్కర్ తోడు లేకపోతే తలుపు తియ్యరు.

అయితే అన్ని కాలేజీలూ ఇలా లేవు. నా ఫ్రెండ్ చదివే చోట ఫీల్డ్ విజిట్ అంటే బస్సులో పీహెచ్‌సీకి తీసుకెళ్ళి, బోర్డు ముందు ఫోటో దిగి, మధ్యాహ్నానికి తీసుకొచ్చేస్తారట, ఏడాది పొడుగునా అదే. కాబట్టి ఫోన్ చేసే వాళ్ళని కాదు, అక్కడ చదువుతున్నవాళ్ళని పట్టుకుని అడుగు: పీహెచ్‌సీలో ఎన్ని వారాలు ఉన్నారు, ఒక్క సర్వే అయినా మొదటి నుంచి చివరిదాకా మీరే చేశారా, స్టాటిస్టిక్స్ ఎవరు చెప్తారు. యూజీసీ గుర్తింపు ఎలాగూ చూసుకోవాలి.

అట్లాంటా_తెలుగోడు

విదేశాలకి వెళ్ళే ఆలోచన ఉంటే ఒక్క మాట. అమెరికాలో డిగ్రీ స్థాయిలో పబ్లిక్ హెల్త్ మామూలు విషయం, డిగ్రీ విద్యార్థులందరికీ ఇది అందుబాటులో ఉండాలని 2003లోనే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నివేదిక చెప్పింది. ఇక్కడ మాస్టర్స్ చేసే మనవాళ్ళు మాత్రం కోర్సు కోడ్ చూసుకోకుండా వచ్చి ఇరుక్కుంటున్నారు. ఎపిడెమియాలజీ, బయోస్టాటిస్టిక్స్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, లెక్కల కోర్సులు) కిందకి వస్తాయి, నేను చదివినప్పుడు వాటికి మూడేళ్ళ ఓపీటీ (చదువయ్యాక అక్కడ పనిచేసే అనుమతి) ఉండేది, మామూలు ఎంపీహెచ్ కోడ్‌కి ఒక్క ఏడాదే. అప్పు చేసి వచ్చినవాళ్ళకి ఆ తేడా ప్రాణం మీదికి వస్తుంది. అందుకే డిగ్రీలో ఏది చేసినా లెక్కలు వదలకు తల్లీ. ఆర్ (R) అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఇప్పటినుంచే మొదలుపెట్టొచ్చు.

సోంపేట_బైపీసీ

అందరికీ చాలా థ్యాంక్స్. నోటిఫికేషన్లు చూశాను, ఫీల్డ్_డ్యూటీ అన్న చెప్పినట్టే ఉంది. నాన్నతో కూడా మాట్లాడాను, నర్సింగ్ చేసి తర్వాత ఎంపీహెచ్ అంటే ఒప్పుకున్నారు. నాకూ ఇప్పుడు అదే నచ్చుతోంది, మా ఊరి క్లినిక్‌లోనే పనిచెయ్యొచ్చనే ఆశ ఉంది. ఒకటే అడుగుతాను, పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, ఆసుపత్రి వచ్చాయి కదా, ఇంక ఈ చదువు చదివినవాళ్ళు అక్కడ చేసేదేముంటుంది?

ఫీల్డ్_డ్యూటీ

చాలా ఉంటుంది. ఆసుపత్రికి వచ్చినవాళ్ళని డాక్టర్లు చూస్తారు, రానివాళ్ళ లెక్క ఎవరు తియ్యాలి? క్యాంపు పెడితే ఒంట్లో బాగాలేనివాళ్ళే ఎక్కువ వస్తారు, ఆ శాతాన్ని ఊరంతటికీ అంటగడితే జబ్బు ఉన్నదానికంటే ఎక్కువ కనబడుతుంది. వలస వెళ్ళినవాళ్ళు, కూలికి పోయినవాళ్ళు లెక్కలోకే రారు. ఓటర్ల జాబితాలోంచో ఇంటి జాబితాలోంచో పేర్లు చీటీ తీసి, ఆ మనిషి ఇంట్లో లేకపోతే సాయంత్రం మళ్ళీ వెళ్ళి రక్తం తీయాలి. పైగా క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఒక్కసారి ఎక్కువొస్తే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనకూడదు, కనీసం మూడు నెలలు అలాగే ఉందని మళ్ళీ పరీక్ష చేసి చూడాలి. ఎండలో జీడితోటలో పనిచేసి వచ్చిన మనిషికి ఆ పూట నీళ్ళు చాలక కూడా పెరగొచ్చు. ఆ రెండోసారి రక్తానికి ఇంటికి వెళ్తే మొదటిసారి రిపోర్టు ఏమైందని అడుగుతారు, అది చేతిలో పెట్టకపోతే చెయ్యి చాపరు, అందులో వాళ్ళ తప్పేం లేదు.

ఎండ, నీళ్ళు, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వీటిలో దేన్ని తేల్చాలన్నా జబ్బు రానివాళ్ళని కూడా అంతే శ్రద్ధగా అడిగి రాసుకోవాలి. మీ ఊరి యాసలో అడిగేవాళ్ళకి జనం చెప్పే సమాధానాలు వేరు. నర్సింగ్‌లో చేరాక కమ్యూనిటీ హెల్త్ పోస్టింగ్ మీ మండలంలోనే పడేలా చూడమని అడుగు, కొన్ని కాలేజీలు ఒప్పుకుంటాయి. ఈలోగా ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 (అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే)లో శ్రీకాకుళం జిల్లా ఫ్యాక్ట్ షీట్ దింపుకుని చదువు, కొద్ది పేజీలే. అర్థం కానివి ఇక్కడే అడుగు, చెప్తాను.