హంపీ క్రైమ్ రేటు ఎంత? ముగ్గురు ఆడవాళ్ళం వెళ్తున్నాం, తెలిసినవాళ్ళు చెప్పండి

నంద్యాల_పిల్ల:

నవంబరులో అమ్మ, చెల్లి, నేను హంపీ పోదామనుకుంటున్నాం. నాన్నకి సెలవు దొరకదు, మగవాళ్ళు ఎవరూ రావడం లేదు. మా ఊరి మీదుగానే అమరావతి ఎక్స్‌ప్రెస్ హోస్పేటకి పోతుంది కాబట్టి ప్రయాణం గురించి బెంగ లేదు, టెన్షన్ అంతా నాన్నతోనే. 2025 మార్చిలో హంపీ పక్క సణాపూర్ దగ్గర టూరిస్టుల మీద జరిగిన ఘోరం టీవీలో చూసినప్పటి నుంచి హంపీ పేరెత్తితే చాలు, "ఆ ఊరు తప్ప ఇంకేం దొరకలేదా" అంటున్నారు. సరే, అంకెలు చూపించి ఒప్పిద్దామని వెతికితే ఒక సైటులో నేరాలు చాలా తక్కువ అని ఉంది, ఇంకోదాంట్లో బళ్ళారి జిల్లా మొత్తానికి ఎప్పటివో లెక్కలు, మూడోదాంట్లో వందకి ఇన్ని మార్కులని వేశారు, ఆ మార్కులు ఎవరు వేశారో, దేన్ని చూసి వేశారో ఎక్కడా లేదు.

ఎవరి దగ్గరైనా సరైన లెక్క ఉందా? లెక్క లేకపోయినా అక్కడ తిరిగినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి. నది ఇవతల దిగాలా, అవతలా? చెల్లి పుట్టి (గుండ్రటి బుట్ట పడవ) ఎక్కాలని, కొండెక్కి సూర్యోదయం చూడాలని పట్టుబట్టి కూర్చుంది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఆవిడకి విరూపాక్షుడి దర్శనం అయితే చాలు.

లెక్కల_మాస్టారు:

మీరు వెతుకుతున్న అంకె లేదమ్మా. ఉన్నా అది మీ నాన్నగారి భయం తీర్చదు. దేశమంతటి నేరాల లెక్కలు కూర్చే ఎన్‌సీఆర్‌బీ వాళ్ళు ఏటా ఇచ్చే పట్టికల్లో రాష్ట్రాలవి, పెద్ద నగరాలవి, జిల్లాలవి ఉంటాయి. హంపీ లాంటి ఊరికి విడిగా ఉండవు. పైగా మనం హంపీ అనేసేది రెండు జిల్లాల్లో ఉంది. విరూపాక్ష, విఠల ఆలయాలున్న ఒడ్డు విజయనగర జిల్లా, 2021లో దాన్ని బళ్ళారి నుంచి విడదీశారు, మీకు పాత బళ్ళారి లెక్కలు కనిపించింది అందుకే. నది దాటితే ఆనెగుంది, అంజనాద్రి, సణాపూర్, అదంతా కొప్పళ జిల్లా. ఎస్పీ వేరు, స్టేషన్లు వేరు, లెక్కలూ వేరు.

ఇక రేటు సంగతి. లక్ష జనాభాకి ఎన్ని కేసులు అన్నదే రేటు, ఆ జనాభా అక్కడ కాపురం ఉండేవాళ్ళది. ఉదాహరణకి మూడు వేల మంది ఉన్న ఊళ్ళో ఏడాదికి మూడు ఫోన్లు పోయి మూడు కేసులు పడ్డాయనుకోండి, రేటు లక్షకి వంద. ఆ ఫోన్లన్నీ టూరిస్టులవే అయినా, ఏడాది పొడవునా లక్షల మంది వచ్చి పోతున్నా, భాగించేది ఆ మూడు వేలతోనే. కాబట్టి టూరిస్టు ఊరి రేటు ఉన్నదానికంటే భయంకరంగా కనబడుతుంది. ఇంకోపక్క, ఫోను పోయిన టూరిస్టుల్లో చాలామంది అసలు కేసే పెట్టరు. రాత్రికి రైలు ఉంటుంది, సోమవారం ఆఫీసు ఉంటుంది, వాయిదాలకి మళ్ళీ ఎవరొస్తారని వదిలేస్తారు. అలా చూస్తే తక్కువగానూ కనబడుతుంది. ఈ రెండింటిలో ఏది ఎంత లాగుతోందో ఎవరికీ తెలియదు. కేరళ రేటు ఏటా ఎక్కువగానే ఉంటుంది, అంటే మనకంటే కేరళ ప్రమాదకరమనా? అక్కడ జనం స్టేషన్‌కి వెళ్తారు, పోలీసులు కేసు రాస్తారు, అంతే.

ఇంకో ముచ్చట. ఒక ఎఫ్ఐఆర్‌లో ఎన్ని నేరాలున్నా ఎన్‌సీఆర్‌బీ అన్నిటికంటే పెద్దదాని కిందే ఒక కేసుగా లెక్కేస్తుంది. సణాపూర్‌లో ఆ రాత్రి ఐదుగురికి జరిగిందంతా పట్టికలో ఒక్క అంకె. అందుకని పట్టికలు పక్కన పెట్టి, ఏ చోట ఏ వేళకి తిరగొచ్చు అని అడగండి. దానికి జవాబు నా దగ్గర లేదు, అక్కడివాళ్ళే చెప్పాలి.

క్యాంపు_రైతుబిడ్డ:

నేను చెప్తా. మాది గంగావతి దగ్గర క్యాంపు. తెలియనివాళ్ళ కోసం: తుంగభద్ర డ్యామ్ కట్టాక కాలువ కింద భూములు కొనుక్కుని కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న ఊళ్ళని ఇక్కడ క్యాంపులంటారు. కాబట్టి మీ అమ్మగారికి భాష ఇబ్బంది ఉండదు, తెలుగు వచ్చినవాళ్ళు ఎక్కడైనా తగులుతారు.

ఆ రాత్రి జరిగింది మీరు ఫొటోల్లో చూసే గుళ్ళ దగ్గర కాదు. సణాపూర్ చెరువు దగ్గర, ఎడమ కాలువ గట్టు మీద, భోంచేసి నక్షత్రాలు చూద్దామని వచ్చి కూర్చున్నవాళ్ళ దగ్గరికి బైకు మీద ముగ్గురు వచ్చి పెట్రోలు ఎక్కడ దొరుకుతుందని అడిగారు, తర్వాత డబ్బులడిగారు, వీళ్ళు ఇవ్వబోమంటే గొడవకి దిగి ముగ్గురు మగవాళ్ళని కాలువలోకి తోసేశారు. ఒడిశా అబ్బాయి చనిపోయాడు. ఇద్దరు ఆడవాళ్ళ మీద అత్యాచారం చేశారు, ఒకామె ఇజ్రాయెల్ నుంచి వచ్చినామె, రెండో ఆమె వీళ్ళు దిగిన హోమ్‌స్టే నడిపే ఆమె. కొద్ది రోజుల్లోనే ముగ్గురూ దొరికారు. మా గంగావతి వైపు కుర్రాళ్ళేనని తెలిసినప్పుడు ఊళ్ళో తలెత్తుకోలేకపోయాం, అది వేరే విషయం.

అసలు అంత చీకటి కాలువ పక్కకి టూరిస్టులు ఎలా చేరారు అన్నది మాత్రం ఎవరూ మాట్లాడరు. ఇదివరకు రిసార్టుల వ్యాపారమంతా విరుపాపుర గడ్డె మీద ఉండేది, ఫారినర్లు హిప్పీ ఐలాండ్ అనేవారు. 2020 ఫిబ్రవరిలో ఆ కట్టడాలు అక్రమమని సుప్రీంకోర్టు తేల్చింది, మార్చిలో కూల్చేశారు. తీర్పుని తప్పుపట్టను, యునెస్కో గుర్తించిన చోట ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు కట్టేస్తే ఎలా. కానీ జనం రావడం ఆగలేదు కదా. గడ్డె మీద పక్కపక్కన ఉన్న గదులు కాస్తా సణాపూర్ వైపు వరి పొలాల మధ్యకి, చెరువు ఒడ్డుకి, కాలువ పక్కకి చెదిరిపోయాయి. అప్పట్లో అరిస్తే పక్క హోటలువాడు వచ్చేవాడు. ఇప్పుడు ఒక హోమ్‌స్టేకీ ఇంకోదానికీ మధ్య పొలాలు, చీకటి, మధ్యలో ఎక్కడో ఒక లైటు. అందరూ మంచివాళ్ళే నడుపుతున్నారు, కానీ చోటు అలాంటిది. ఐడీ కార్డు అడగకుండా, రిజిస్టర్లో రాయకుండా తాళంచెవి ఇచ్చేచోట మాత్రం దిగకండి, రేపు ఏదైనా అయితే మీరు అక్కడున్నట్టు ఆధారం కూడా ఉండదు.

ఇంకొకటి, మీ నాన్నగారు దొంగల గురించి భయపడుతున్నారు గానీ నేనైతే నీళ్ళ గురించి భయపడతాను. ఈ ఘోరానికి కొద్ది వారాల ముందే, అదే సణాపూర్ వైపు, హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మాయి బండ మీద నుంచి నదిలోకి దూకి కొట్టుకుపోయింది. ఈత వచ్చినమ్మాయే. తుంగభద్ర పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది, కింద బండల మధ్య సొరంగాలు, సుడులు. మొసళ్ళు కూడా ఉన్నాయి, బోర్డులు ఊరికే పెట్టలేదు. చెల్లిని పుట్టి ఎక్కనివ్వండి, లైఫ్ జాకెట్ ఇస్తేనే. గిరగిరా తిప్పమని అడగొద్దని చెప్పండి, అడిగితే వాళ్ళు తిప్పేస్తారు.

నిజం_చెప్తా:

ఇంత పెద్ద వ్యాసాలెందుకు బ్రదర్. రాత్రిపూట ఆడవాళ్ళకి కాలువ గట్టు మీద ఏం పని? ఇంటిపట్టున ఉంటే ఏ ఊరైనా సేఫే.

వీపున_సంచి:

మీ కోసం మళ్ళీ చెప్పాలా? ఆ గట్టు మీద ఐదుగురున్నారు, అందులో ముగ్గురు మగవాళ్ళు, చనిపోయింది మగవాడు. ఒకామె తను పనిచేసే ఊళ్ళో, తన దగ్గర దిగిన అతిథులతో కూర్చుంది. ఇంతకంటే ఇంటిపట్టున ఎలా ఉంటారు? "చీకటి పడ్డాక బయటికి రాకండి" అని బోర్డు పెట్టడం సులువు, లైటు పెట్టాలంటే టెండరు పిలవాలి, గస్తీ తిప్పాలంటే జీపుకి డీజిల్ పోయాలి. అందుకే బోర్డులే పెడతారు.

నంద్యాల అమ్మాయికి: నేను ఒంటరిగా తిరుగుతాను, హంపీ కూడా అలాగే వెళ్ళాను. పగటిపూట బజారులో, గుళ్ళ దగ్గర నాకు ఏ ఇబ్బందీ రాలేదు, మన తీర్థాల్లో కంటే తోపులాట తక్కువే. చిరాకు పెట్టేది ఆటోవాళ్ళ బేరాలు, సెల్ఫీ అడిగే కుర్ర గుంపులు. ఒకచోట గది చూపిస్తానని ఆటో అతను వేరే గెస్ట్‌హౌస్‌కి తీసుకెళ్ళి, నేను బుక్ చేసింది మూసేశారని చెప్పాడు. ఫోన్ చేస్తే తెరిచే ఉంది. కమిషన్ గొడవ, అంతకుమించి ఏం లేదు.

సూర్యోదయం దగ్గర మాత్రం చెల్లితో కాస్త గట్టిగా మాట్లాడండి. అందరూ మాతంగ కొండ అంటారు. సూర్యోదయం చూడాలంటే ఇంకా చీకటి ఉండగానే ఎక్కాలి, దారి బండల మధ్య నుంచి పోతుంది, ఎదురుగా ఎవరొస్తున్నారో తెలియదు. అక్కడ దోపిడీలు జరిగేవి కాబట్టే గైడు పుస్తకాల్లో చాలా ఏళ్ళుగా ఒంటరిగా ఎక్కొద్దని రాస్తున్నారు. ఆ కొండల్లో చిరుతలు కూడా తిరుగుతాయి. గుంపు ఉంటే, తెలిసిన గైడు ఉంటే వెళ్ళండి. లేకపోతే సాయంత్రం హేమకూటం ఎక్కండి, విరూపాక్ష గుడి పక్కనే, ఏటవాలు బండ, అమ్మగారు కూడా మెల్లగా నడవగలరు, పొద్దుగూకే వేళకి జనం నిండుగా ఉంటారు. నాకైతే మాతంగ కంటే అదే నచ్చింది.

కోర్టు_పక్షి:

నేను వకీలుని, అందరూ వదిలేసిన సంగతి రాస్తాను. ఏదైనా పోతే, ఏదైనా జరిగితే ఏం చేయాలి అన్నది.

నది ఇవతల ఒక జిల్లా, అవతల ఇంకోటి కాబట్టి "ఇది మా స్టేషన్ కాదు" అనే జవాబు వినాల్సి రావచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా సమాచారం తీసుకోవాల్సిందే. ఎలక్ట్రానిక్‌గా కూడా పంపొచ్చు, మూడు రోజుల్లో వెళ్ళి సంతకం పెడితే ఎక్కించుకుంటారు. ఎఫ్ఐఆర్ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి. ఫోను పోతే ఫిర్యాదు కాపీ పెట్టి సంచార్ సాథీ పోర్టల్లో ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోనుకీ విడిగా ఉండే గుర్తింపు నంబరు) బ్లాక్ చేయించండి. బయల్దేరే ముందే ఆ నంబరు కాగితం మీద రాసుకోండి, ఫోను పోయాక ఎవరికీ గుర్తురాదు. అత్యవసరానికి 112. టూరిస్టుల కోసం 1363 ఉంది, హిందీ, ఇంగ్లీషుల్లో మాట్లాడతారు.

హంపీలో పట్టపగలు కూడా ఖాళీ చోట్లు చాలా ఉన్నాయి. నలభై చదరపు కిలోమీటర్ల పైచిలుకు శిథిలాలకి కాపలా పెట్టడం మామూలు విషయం కాదు. 2019లో కుర్రాళ్ళు ఒక గుడి స్తంభాలు తోసేస్తున్న వీడియో బయటికొచ్చాకే కదా అక్కడ అలాంటిది జరిగిందని లోకానికి తెలిసింది. దొరికిన నలుగురికీ తలా 70 వేలు జరిమానా వేసి, ఆ స్తంభాల్ని వాళ్ళ చేతే మళ్ళీ నిలబెట్టించారు. ఆ శిక్ష నాకు భలే నచ్చింది, కానీ వీడియో లేకపోతే కేసే లేదు. అందుకని జనం లేని మంటపాల వైపు ముగ్గురూ కలిసే వెళ్ళండి.

నంద్యాల_పిల్ల:

అందరికీ చాలా థాంక్స్. మాస్టారు గారి జవాబు నాన్నకి చదివి వినిపించాను. ఆయన మిగతాదంతా వదిలేసి "చూశావా, లెక్కలే లేవంట" అన్నారు 😀 కానీ క్యాంపు అన్న రాసింది విన్నాక కొంచెం మెత్తబడ్డారు, సణాపూర్‌లో దిగకపోతే సరేనన్నారు. కమలాపురంలో కర్ణాటక టూరిజం వాళ్ళ మయూర భువనేశ్వరిలో గది చూస్తున్నాను, హంపీకి దగ్గరే కదా? అంజనాద్రి మాత్రం అమ్మ చూడాల్సిందే అంటోంది, హనుమంతుడు పుట్టిన చోటు కాబట్టి. ఒక్క పూటలో నది దాటి వెళ్ళి రావచ్చా?

లెక్కల_మాస్టారు:

హనుమంతుడు పుట్టింది తిరుమల అంజనాద్రిలోనని 2021లో టీటీడీ చెప్పింది, ఆ గొడవ ఈ థ్రెడ్‌లో మొదలుపెట్టకండి దయచేసి.

క్యాంపు_రైతుబిడ్డ:

😀 మా కిష్కింధవాళ్ళ ముందు ఆ మాట అనకండి మాస్టారూ.

అమ్మాయ్, కమలాపురం మంచి ఎంపిక, మ్యూజియం కూడా అక్కడే. అంజనాద్రికి 575 మెట్లు, మోకాళ్ళ నొప్పులతో కష్టం, ఎండ ముదరక ముందే మొదలుపెట్టి ఆగి ఆగి ఎక్కించండి, లేదా అమ్మగారిని కిందనే కొబ్బరికాయల కొట్ల దగ్గర కూర్చోబెట్టండి, అక్కడ ఎప్పుడూ మనుషులుంటారు. కోతులకి మాత్రం కళ్ళజోడు, చేతిలో సంచి కనబడనివ్వకండి.

నది దాటడానికి విరూపాక్ష గుడి వెనక రేవు నుంచి పడవ ఉంది, కానీ పొద్దుగూకే ముందే ఆపేస్తారు, డ్యామ్ నుంచి నీళ్ళు వదిలితే ఆ రోజుకి అసలు నడపరు. చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. అవతల సాయంత్రం దాకా ఉండిపోయి, పడవ పోయాక చీకట్లో తెలియని ఆటో ఎక్కి బుక్కసాగర వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావాల్సి వస్తుంది, అడిగినంత ఇవ్వాలి. మీరు పడవ మాటే పెట్టుకోకుండా కమలాపురం హోటల్లోనే పొద్దున్న ఒక ఆటో మాట్లాడుకోండి, అదే ఆటోలో వంతెన మీదుగా వెళ్ళి అంజనాద్రి, ఆనెగుంది చూసుకుని మూడు నాలుగింటికల్లా వెనక్కి వచ్చేయండి. డ్రైవరు నంబరు, బండి నంబరు నాన్నగారికి పంపండి, ఆయనకీ నిమ్మళంగా ఉంటుంది. హోస్పేట స్టేషన్‌లో దిగగానే బయట ఆటోవాళ్ళు బస్సుల్లేవంటారు, నమ్మకండి, బస్టాండు నుంచి కమలాపురానికీ హంపీకీ ఆర్టీసీ బస్సులు తిరుగుతూనే ఉంటాయి.