సమస్య: తిండి పెట్టినంతఁ దెగును దండు

నిర్వాహకుడు: ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం. విషయం చలికాలపు బొద్దింకలు. తిండి పెడితే చావడమేమిటన్న విరోధాన్ని విప్పాలి. చెప్పిన ఉపాయం ఇంట్లో పనిచేసేదై ఉండాలి.

పూరణ 1, మధుపం:

మూల మూల జెల్లు ముత్తెమంతగ నుంచ
మెక్కి గూటిఁ జేరి మృతినిఁ జెందు
దాని మలముఁ దినుచు దక్కినవియుఁ జచ్చు
తిండి పెట్టినంతఁ దెగును దండు

శలాక: మధుపం గారూ, మూడో పాదమే పద్యానికి ప్రాణం. ఫిప్రోనిల్, ఇండోక్సాకార్బ్ అనే పురుగుమందులు కలిపిన ఎర జెల్ వెంటనే చంపదు కాబట్టే తిన్నది గూటికి చేరుతుంది. బయటికి రాని పిల్లలు దాని మలం, శవం తిని పోతాయి. అభ్యంతరమల్లా “ముత్తెమంత” దగ్గరే. పెద్ద ముద్దలు నాలుగు పెట్టేకన్నా వంటగది మొత్తానికి 15–20 చిన్న చుక్కలు మేలు: అల్మరా తలుపు బందుల పక్కన, సింకు కింద పైపు గోడలోకి దూరేచోట. “నూకలంత జెల్లు నొక్కి యుంచిన చాలు” అంటే కొలతా యతీ రెండూ నిలుస్తాయి. స్ప్రే కొట్టిన చోట మాత్రం జెల్ వద్దు. ఆ మందు తరిమేస్తే ఎర ముట్టేదెవరు?

పూరణ 2, తరంగిణి:

రాత్రి సింకుఁ దుడిచి రంధ్రాలు మూయించి
నీటి చుక్క లేక నేల నార్చి
బిగువు మూత లున్న పెద్ద డబ్బాలలో
తిండి పెట్టినంతఁ దెగును దండు

మధుపం: భేష్! డబ్బాలలో తిండి పెట్టించి విరోధాన్ని ఎగరగొట్టారు. కాకపోతే మూత బిగించినంత మాత్రాన దండు తెగదు. సబ్బు, జిగురు, పొయ్యి వెనక జిడ్డు కూడా వాటికి భోజనమే. ఆకలికి ఓర్చుకున్నట్టు దాహానికి ఓర్చుకోలేవు కనుక బరువంతా మీ రెండో పాదానిదే. వేరే తిండి దొరక్కపోతేనే జెల్ మీదికి వస్తాయి. అందుచేత ముందు మీ పద్యం, తర్వాత నాది. రంధ్రాల మాటకొస్తే, పెద్ద బొద్దింక సైతం ఒళ్లు అణుచుకుని 3 మిల్లీమీటర్ల సందులో దూరుతుంది. పైపు చుట్టూ సిలికాన్, తలుపు కింద రబ్బరు పట్టీ తప్పవు.

పూరణ 3, చకోరం:

చలికి వణకి లోని సందులఁ జేరును
ఫ్రిజ్జు వెనుక వేడి గూడు యనుచు
అచ్చటుంచు మందె యన్నమై తోచఁగాఁ
తిండి పెట్టినంతఁ దెగును దండు

శలాక: రెండో పాదంలో యతి తప్పింది, సంధి ప్రకారం “గూడనుచు” కావాలి. “ఫ్రిజ్జు వెనుక వేడి పెట్టె యనుచు” అంటే రెండూ తీరతాయి. బొద్దింక చలికి మందగిస్తుందేగాని వణకదు. “చలికి జడిసి” అనండి.

భావంలో అసలు చిక్కు వేరే ఉంది. ఫ్రిజ్ మోటారు దగ్గర కాపురముండేది అర అంగుళం పైచిలుకు చిన్న జాతి, తల వెనక రెండు నల్లని చారలుంటాయి. అది ఏడాది పొడవునా ఇంటిదే. చలికి బయటి కాలువల్లోంచి వచ్చేది అంగుళంన్నర ఎర్రగోధుమ రంగుది. చిన్నదానికి జెల్, పెద్దదానికి ముందు దారి మూత. వాడని స్నానాలగదిలో జాలీ కింది పైపు వంపులో అడ్డుగా నిలిచే నీరు ఎండితే అదే దాని రాజమార్గం. రెండు వారాలకోసారి లీటరు నీళ్లు పోసి, పైన చెంచాడు వంటనూనె వేస్తే త్వరగా ఆవిరికాదు. ఇక జెల్ మోటారు మీద పెడితే వేడికి ఎండిపోతుంది, పక్క గోడ అంచున పెట్టండి.

తరంగిణి: ఫ్రిజ్ వెనక బోరికామ్లం (బోరిక్ యాసిడ్) పొడి కూడా పనిచేస్తుంది, కుప్ప పోయకపోతే. కుప్పను చూస్తే చుట్టూ తిరిగి పోతాయి. కనీకనిపించని పూతగా ఉంటే కాళ్లకంటి, శుభ్రం చేసుకునేటప్పుడు నోట్లోకి పోతుంది. తడి తగిలితే గడ్డకడుతుంది. పసిపిల్లలకు, పెంపుడు జంతువులకు అందని చోటే చల్లాలి. చిన్న జాతి గుడ్ల తిత్తిలో 30–40 దాకా ఉంటాయి, చాలా మందులు అందులోకి దిగవు. అవి పిల్లలవడానికి దాదాపు నాలుగు వారాలు. అందుకే నెల తిరిగేసరికి ఎండిన జెల్ చుక్కలు గీకేసి కొత్తవి పెట్టాలి.