లైపోసక్షన్‌లో తీసిన కొవ్వు దాచుకుంటే నిజంగా పనికొస్తుందా?

ప్రశ్న:
వచ్చే నెల లైపోసక్షన్ చేయించుకుంటున్నానండి. తీసిన కొవ్వు పారేయొద్దు, ఫ్రీజ్ చేసి దాచుకోండి, అందులో స్టెమ్ సెల్స్ (వేరే రకం కణాలుగా మారగలిగే మూలకణాలు) ఉంటాయి, రేప్పొద్దున మోకాళ్ళు అరిగినా గుండెకేమైనా అయినా అవే పనికొస్తాయి అని క్లినిక్ వాళ్ళు ఒకటే పోరు, పైగా ఏటేటా స్టోరేజ్ ఫీజు కట్టాలట. మా ఆయనేమో కొవ్వుకి కూడా లాకరా అని నవ్వుతున్నారు. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

రిప్లై 1:
సెల్స్ ఉండే మాట నిజమే. 2001లోనే పాట్రీషియా జుక్ అనే సైంటిస్ట్ టీమ్ లైపోసక్షన్ కొవ్వులోంచి తీసిన కణాలు ల్యాబ్‌లో ఎముక, మృదులాస్థి, కండరం వైపు మారతాయని చూపించారు. నేను ల్యాబ్‌లో ఈ పనే చేశాను, కొవ్వుని సెలైన్‌తో బాగా కడిగి కణాల్ని పట్టి ఉంచే అల్లికని కరిగించే కొలాజినేజ్ ఎంజైమ్ వేసి 37 డిగ్రీల దగ్గర ఊపుతూ ఉంచి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే పైన పసుపు నూనె తేలుతుంది, అడుగున ఎర్రటి చిన్న ముద్ద మిగులుతుంది, మనక్కావాల్సింది ఆ ముద్దే. అందులోనూ స్టెమ్ సెల్స్ కొన్నే, మిగతావి రక్తకణాలూ రక్తనాళాల కణాలూ.

క్లినిక్ వాళ్ళని ఒకటడగండి, కొవ్వు ఉన్నదున్నట్టు గడ్డకట్టిస్తారా, సెల్స్ విడదీసి దాస్తారా అని. నూనె నిండిన పెద్ద కణాలు ఫ్రీజింగ్‌కి చాలావరకు పగిలిపోతాయి, స్టెమ్ సెల్స్ మాత్రం గడ్డకట్టేటప్పుడు పాడవకుండా కాపాడే డీఎంఎస్‌ఓ లాంటిది కలిపి మెల్లగా చల్లార్చి మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్‌లో పెడితే బాగానే తట్టుకుంటాయి. కరిగించాక ఎన్ని బతికున్నాయో టెస్ట్ చేసిన రిపోర్ట్ కూడా చూపించమనండి.

రిప్లై 2:
దాచడం సరే, దాన్ని దేనికి వాడతారు అనేదే అసలు గొడవ. కొవ్వు స్టెమ్ సెల్స్ మందు అలోఫిసెల్‌కి 2018లో యూరప్‌లో పర్మిషన్ వచ్చింది, క్రోన్స్ అనే పేగుల వాపు జబ్బులో మలద్వారం దగ్గర వచ్చే ఫిస్టులాకి (లోపల్నుంచి చర్మందాకా పడే దారి లాంటి పుండు), అదీ డోనర్ సెల్స్‌తో. తర్వాత పెద్ద ట్రయల్‌లో ఫలితం కనపడక 2024లో మార్కెట్ నుంచి తీసేశారు. అంత పద్ధతిగా చేసినదాని గతే అది! 2017లో వచ్చిన రిపోర్ట్ చూస్తే ఫ్లోరిడాలో ముగ్గురు ఆడవాళ్ళకి వాళ్ళ సొంత కొవ్వు సెల్స్‌నే కళ్ళలోకి ఎక్కించారు, చూపు మెరుగవడం దేవుడెరుగు, ఉన్నది కూడా పోయింది. సొంత సెల్సే కదా ఏమవుతుందిలే అనుకోకండి.

ప్రశ్న అడిగినావిడ:
అమ్మో కళ్ళ సంగతి తెలీదండి. కానీ వయసు పెరిగాక సెల్స్ బలం తగ్గుతుంది, ఇప్పుడే దాచుకోవాలి అంటున్నారు, అదీ అబద్ధమేనా?

రిప్లై 1:
పూర్తి అబద్ధం కాదు, వయసుతో అవి పెరిగే వేగం కొంత తగ్గుతుంది. కానీ ఇదేం బొడ్డుతాడు రక్తం కాదుగా పుట్టినప్పుడు తప్పితే దొరక్కపోవడానికి, ఎప్పుడు కావాలన్నా పొట్ట దగ్గర చిన్న గాటు పెట్టి మళ్ళీ తీసుకోవచ్చు. నేనైతే కట్టను.

రిప్లై 3:
పొట్టలో నా స్టోరేజ్ ఎప్పుడూ ఫుల్లే, ఫీజు కూడా లేదు 😄