స్వేదన కాలమ్‌ల స్థానంలో సూక్ష్మరంధ్ర పదార్థాలు: శక్తి నిజంగా ఆదా అవుతుందా?

పరిశోధక విద్యార్థి (చర్చాంశం):

రసాయన మిశ్రమాలను వేరుచేసే పనికే ప్రపంచ ఇంధన వినియోగంలో 10 నుంచి 15 శాతం వరకు పోతోందని డేవిడ్ షోల్, రయన్ లైవ్లీ 2016లో నేచర్ పత్రికలో రాశారు. అందులో పెద్ద వాటా స్వేదనానిది, అంటే మిశ్రమాన్ని మరిగించి, ఆవిరిని చల్లబరిచి విడదీసే పద్ధతిది. ప్రొపిలీన్ మైనస్ 47.6 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ప్రొపేన్ మైనస్ 42.1 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఈ అయిదున్నర డిగ్రీల తేడాను పట్టుకుని వాటిని విడదీయడానికి వందకు పైగా ట్రేలున్న కాలమ్ (నిలువు గోపురం) కట్టి, పైన చల్లబడిన ద్రవంలో అధిక భాగాన్ని మళ్లీ కిందికి పంపుతూ, ఒకే పదార్థాన్ని పదే పదే మరిగిస్తున్నాం. అణువులను వాటి పరిమాణాన్ని బట్టి జల్లెడ పట్టే జియోలైట్లు (సూక్ష్మరంధ్రాలున్న ఖనిజాలు) దశాబ్దాలుగా వాడుకలో ఉన్నాయి. లోహ-సేంద్రియ చట్రాలను (లోహ అయాన్లను సేంద్రియ అణువులతో కలిపి కట్టిన సూక్ష్మరంధ్ర పదార్థాలను) రూపొందించినందుకు సుసుము కిటగావా, రిచర్డ్ రాబ్సన్, ఒమర్ యాగీలకు 2025లో రసాయన శాస్త్ర నోబెల్ కూడా వచ్చింది. అయినా కొత్త ప్లాంట్లలో కాలమ్‌లే కడుతున్నారంటే, దానికి కారణం అలవాటేనని నా అభిప్రాయం.

ప్రాసెస్ ఇంజనీరు:

అలవాటు అనడం అన్యాయం. మీరు చెప్పిన ప్రొపిలీన్ కాలమ్‌నే తీసుకోండి. మరుగు స్థానాలు అంత దగ్గరగా ఉండబట్టే, పైనుంచి వచ్చే ఆవిరి పీడనాన్ని కంప్రెసర్‌తో కొంత పెంచి, దాని గుప్తోష్ణాన్నే (అది ద్రవంగా మారేటప్పుడు వెలువడే వేడినే) అడుగున ద్రవాన్ని మరిగించే రీబాయిలర్‌కు అందించగలుగుతున్నాం. ఈ ఏర్పాటు చాలా ప్లాంట్లలో ఇప్పటికే ఉంది. కాబట్టి కొత్త పదార్థాన్ని స్టీమ్‌తో నడిచే పాత కాలమ్‌తో కాక, దీనితో పోల్చి చూపించాలి.

ఇక ‘జల్లెడ’ అన్న పోలిక వల్ల అసలు ఖర్చు కనబడకుండా పోతుంది. అధిశోషణంలో (అణువులు రంధ్రాల గోడలకు అంటుకోవడంలో) అణువు రంధ్రంలోకి చేరేటప్పుడు వేడిని విడుదల చేస్తుంది. దానిని బయటికి రప్పించాలంటే ఆ వేడిని మనం తిరిగి ఇవ్వనైనా ఇవ్వాలి, పీడనాన్ని బాగా తగ్గించనైనా తగ్గించాలి. ప్రొపిలీన్‌ను ఎంచుకునే పదార్థమైతే, ఫీడ్‌లో (లోపలికి పంపే మిశ్రమంలో) సాధారణంగా ఎక్కువ వాటా ఉన్న వాయువునే పట్టుకుని, తిరిగి వదలవలసి వస్తుంది. అలా తక్కువ పీడనంలో బయటికొచ్చిన ఉత్పత్తిని మళ్లీ కంప్రెస్ చేయడానికయ్యే విద్యుత్తు కూడా లెక్కలోకి రావాలి కదా.

పరిశోధక విద్యార్థి:

విశోషణపు (పట్టుకున్న అణువును వదిలించే) ఖర్చును నేను తక్కువగా చూశానన్నది ఒప్పుకుంటాను. అయితే అధికంగా ఉన్నదానిని కాక, కొద్దిగా ఉన్న మలినాన్ని పట్టుకునే పదార్థం దొరికితే మీ అభ్యంతరంలో సగం తొలగిపోతుంది. ఇనుము-పెరాక్సో స్థానాలున్న (ఇనుముకు జంట ఆక్సిజన్ పరమాణువులు అతుక్కున్న) ఒక లోహ-సేంద్రియ చట్రం ఇథిలీన్ కన్నా ఈథేన్‌నే ఎక్కువగా పట్టుకుంటుందని 2018లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. అప్పుడు శుద్ధమైన ఇథిలీన్ బెడ్ (ఆ పదార్థపు గుళికలు నింపిన పాత్ర) చివరినుంచి నేరుగా వస్తుంది. బెడ్‌ను ఖాళీ చేయవలసింది కొద్దిపాటి ఈథేన్ కోసమే.

ఇథనాల్ ప్లాంటు ఉద్యోగి:

ఇంతవరకు మాట్లాడిన ఇద్దరూ వదిలేసిన సంగతి ఒకటుంది. సాధారణ పీడనంలో నీళ్లు కలిసిన ఇథనాల్ బరువులో 95.6 శాతానికి చేరాక, మామూలు స్వేదనంతో ఇక ముందుకు పోదు. అక్కడ మేము వాడేది 3ఏ జియోలైట్ గుళికలను. దాదాపు 3 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక ఆంగ్‌స్ట్రామ్ మీటరులో వెయ్యి కోట్లవ వంతు) ఆ రంధ్రంలోకి నీటి అణువు దూరుతుంది, 4.4 ఆంగ్‌స్ట్రామ్‌ల ఇథనాల్ అణువు దూరలేదు. రెండు బెడ్లు వంతులవారీగా పనిచేస్తాయి: ఒకటి నీటిని పడుతుంటే, రెండోదానిలోని నీటిని తక్కువ పీడనంలో, కొంత ఉత్పత్తి ఆవిరిని పంపి తోడేస్తాం. ఆ తడి ఆవిరి తిరిగి కాలమ్‌కే పోతుంది. కాలమ్ లేకుండా బెడ్ లేదు, బెడ్ లేకుండా నూరు శాతానికి దగ్గరి ఇథనాల్ లేదు.

ఒకసారి మా దగ్గర ఆవిరి సరిగా వేడెక్కక, ద్రవపు బిందువులు బెడ్‌లోకి కొట్టుకొచ్చాయి. పాత్ర తెరిచి చూస్తే పై వరుసల గుళికలు చిట్లి, చేత్తో నలిపితే పిండిలా రాలాయి. ఆ పొడి సందుల్లో చేరి పీడన నష్టం పెరిగిపోయింది, వడపోతలు మూసుకుపోయాయి. గుళికలన్నీ తీసి కొత్తవి నింపవలసి వచ్చింది. ప్రయోగశాలలో గ్రాము పొడి మీద కొలిచిన ఎంపిక సామర్థ్యం (ఒకదానిని వదిలి మరొకదానిని పట్టే గుణం) ఎంత గొప్పదైనా, గుళికగా మలిచాక, వేల పట్టు-విడుపు చక్రాల తరవాత అది ఎంత మిగులుతుందన్నదే నాకు ముందు తెలియాలి.

మరొక సభ్యుడు:

జైలీన్‌ల (ఒకే సూత్రం, వేరు అమరిక ఉన్న ద్రవాల) సంగతి కూడా ఇలాంటిదే. పారా, మెటా జైలీన్‌ల మరుగు స్థానాల మధ్య ఒక డిగ్రీ తేడా కూడా లేదు కనుక 1970ల నుంచే జియోలైట్ బెడ్లు ఆ పనిని చేస్తున్నాయి. కానీ పారా జైలీన్‌ను రంధ్రాలనుంచి తోసివేయడానికి మరో ద్రవాన్ని పంపాలి, ఆ ద్రవాన్ని ఉత్పత్తినుంచి వేరుచేసేది మళ్లీ స్వేదనమే. అసాధ్యమైన స్వేదనాన్ని సులభమైన స్వేదనంగా మార్చడమే అక్కడి లాభం. అది చిన్న లాభమేమీ కాదు.

ప్రాసెస్ ఇంజనీరు:

మన్నిక గురించిన మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఎమ్‌ఓఎఫ్-5 అనే లోహ-సేంద్రియ చట్రం చాలా పేరు పొందినా తేమగాలికే చెడిపోతుంది. జింకుతో చేసిన కాల్ఫ్-20 అనే మరో చట్రం స్టీమ్‌కు తట్టుకున్నందువల్లనే సిమెంటు కర్మాగారపు పొగ వాయువులమీద పరీక్షించే దాకా వచ్చింది. విద్యార్థి గారూ, మీ ఈథేన్ పదార్థం విషయంలో నా ప్రశ్న ఇది: నిజమైన ఫీడ్‌లో ఉండే కొద్దిపాటి తేమ, ఎసిటిలీన్ తగిలాక ఆ ఇనుము-పెరాక్సో స్థానాలు అలాగే నిలుస్తాయా? మిశ్రమ వాయువుతో, గుళికల బెడ్ మీద తీసిన ఫలితాలు మీ దగ్గర ఉంటే ఇక్కడ పెట్టండి. కిలో ఇథిలీన్‌కు ఎంత శక్తి పడుతుందో, కంప్రెసర్ విద్యుత్తుతో సహా, కలిసి లెక్క కడదాం.