రాత్రి ఆక్సిజన్ పెంచితే తెల్లారి అమ్మకి తలనొప్పి

ప్రశ్న:
మాది పర్లాకిమిడి. అమ్మకి 63. నలభై ఏళ్లు కట్టెల పొయ్యి దగ్గరే వండింది, దానికి తోడు అడ్డచుట్ట. చుట్ట మానేసి నాలుగేళ్లయింది. సీఓపీడీకి (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలపు జబ్బు) రెండు పూటలా ఇన్‌హేలర్ పీలుస్తుంది. గురక వీధిలోకి వినిపిస్తుంది. మధ్యలో ఒక్కసారిగా ఆగిపోతుంది, నేను లేచి కూర్చుంటాను, అప్పుడు ఉలిక్కిపడి ఊపిరి తీస్తుంది. మొన్న రాత్రి వేలికి పెట్టే మీటరులో ఆక్సిజన్ 79 శాతం చూసి భయమేసి, ఇంట్లో ఉన్న ఆక్సిజన్ మెషీను 2 నుంచి 4 లీటర్లకి పెంచాను. 96 వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. తెల్లారి చూస్తే తల పగిలిపోతోందంది, టీ గ్లాసు పట్టుకునే తూగుతోంది. మూడు రోజులుగా ఇంతే. అంకె బాగుంటే మనిషి ఎందుకు బాగాలేదు?

జవాబు 1 (బరంపురం, రిటైర్డ్ నర్సు):
అమ్మా, ఈరోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఆ తూగు నిద్రమత్తు కాకపోవచ్చు. మీ మీటరు ఆక్సిజన్‌నే చూపిస్తుంది, లోపల పేరుకున్న కార్బన్ డయాక్సైడ్‌ని చూపించదు. ఇలాంటివాళ్లకి ఆక్సిజన్ ఎక్కువైతే అది ఇంకా పేరుకుంటుంది. సాధారణంగా మీటరులో 88 నుంచి 92 మధ్య ఉంటే చాలంటారు. మణికట్టు దగ్గర ధమని నుంచి రక్తం తీసి ఏబీజీ, అంటే రక్తంలోని వాయువులు కొలిచే పరీక్ష చేస్తారు, నొప్పే కానీ తప్పదు. గురక సంగతి విడిగా చెప్పి, స్లీప్ స్టడీ, అంటే రాత్రి నిద్రలో ఊపిరిని గమనించే పరీక్ష అడగండి. సీఓపీడీ, స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) కలిసి ఉంటే ఓవర్‌లాప్ సిండ్రోమ్ అంటారు. 1985లో ఫ్లెన్లీ అనే డాక్టరు పెట్టిన పేరు. నిద్రమాత్రలు మాత్రం సొంతంగా వెయ్యొద్దు.

జవాబు 2 (రాయగడ):
నాకూ ఈ రెండూ ఉన్నాయి తల్లీ. నాకు బైపాప్ రాశారు, మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో లోపలికి పంపే మెషీను. మాస్కు పెడితే మొదట్లో ఊపిరాడనట్టు భయమేసేది. పగలు కూర్చుని, భజనలు వింటూ పావుగంట పెట్టుకుని అలవాటు చేసుకున్నాను. పట్టీ మరీ బిగిస్తే ముక్కు మీద పుండు పడుతుంది. ఇన్వర్టరు ముందే చూసుకోండి. గాలివానకి మా వైపు రాత్రంతా కరెంటు ఉండదు.

ప్రశ్న అడిగినావిడ:
మేడమ్, ఆ రోజే తీసుకెళ్లాం. కార్బన్ డయాక్సైడ్ 64 ఉంది, 45 దాటకూడదట. ఐదు రోజులు ఉంచుకుని బైపాప్‌తో పంపారు, ఆక్సిజన్ అందులోకే 1 లీటరు. నాబ్ దగ్గర టేపు అంటించేశాను, ఎవరూ తిప్పకుండా. బాబాయి గారూ, అమ్మ మాస్కుతో పెదాలు ఎండిపోతున్నాయంటోంది. మీరేం చేశారు?

జవాబు 2:
నీళ్ల డబ్బా ఉన్న హ్యూమిడిఫయర్ తగిలించమనండి. నీళ్లు రోజూ మార్చాలి.