వ్యాగన్ఆర్ పెట్రోల్: మిస్సింగ్ వస్తోంది, ప్లగ్గులు మారిస్తే సరిపోతుందా? ఇరిడియం వేయించుకోవడం దండగేనా?

బెజవాడ_బండి:
అందరికీ నమస్తే. మాది 2013 వ్యాగన్ఆర్, 1.0 పెట్రోల్, మూడు సిలిండర్ల ఇంజన్. 78 వేల కిలోమీటర్లు తిరిగింది, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం కాబట్టి ప్లగ్గులు ఎప్పుడు మార్చారో, అసలు మార్చారో లేదో తెలియదు. ఈమధ్య పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు వణుకుతోంది, తర్వాత సర్దుకుంటోంది. కానీ ఫ్లైఓవర్ ఎక్కుతున్నప్పుడో, ఏసీ వేసుకుని ముందున్న బండిని దాటబోయినప్పుడో గక్కు గక్కుమని జెర్క్ కొడుతోంది. చెక్ ఇంజన్ లైటు ఒకసారి వెలిగి తర్వాత ఆరిపోయింది. షెడ్డులో చూపిస్తే మూడు ప్లగ్గులు, మూడు కాయిల్స్ (ప్లగ్గులకి ఎక్కువ వోల్టేజీ పంపేవి) మొత్తం మార్చేద్దాం అన్నారు. దేనివల్ల వస్తోందని అడిగితే సరైన సమాధానం లేదు. స్పేర్ పార్టుల షాపులో ఇంకొకాయన ఇరిడియం (ఆ లోహం కొన ఉన్న ఖరీదైన ప్లగ్గులు) వేయించండి, పికప్ పెరుగుతుంది, మైలేజీ కూడా లీటరుకి రెండు మూడు కిలోమీటర్లు ఎక్కువొస్తుంది అంటున్నాడు. నిజమేనా? బైక్ ప్లగ్ నేనే మార్చుకుంటాను, పానాలు పట్టుకోవడం కొత్తేమీ కాదు, కారులో మాత్రం ఎప్పుడూ చేయలేదు. ఇంట్లో చేసుకోవచ్చా?

షెడ్డు_బాబాయ్:
ఇంట్లోనే చేసుకోవచ్చండి, అందులో భయపడాల్సిందేమీ లేదు. కానీ కొనడానికి పరిగెత్తకముందు ఏ సిలిండర్ మిస్ అవుతోందో, అంటే ఎందులో పెట్రోల్ సరిగ్గా అంటుకోవట్లేదో తేల్చుకోండి. స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్ ఉంటుంది, బండి కంప్యూటర్‌లో పడిన తప్పుల కోడ్‌లు చదవడానికి, దానికి పెట్టే చిన్న బ్లూటూత్ రీడర్ ఎవరి దగ్గరైనా దొరుకుతుంది. పీ0301 వస్తే ఒకటో సిలిండర్, పీ0302 వస్తే రెండోది, పీ0303 వస్తే మూడోది. పీ0300 వస్తే అన్నిటిలోనూ అక్కడక్కడా మిస్ అవుతోందని. లైటు ఆరిపోయినా కోడ్ మెమరీలో ఉండే అవకాశం ఉంది, చూడండి.

ఒకే సిలిండర్ అని తేలిందనుకోండి, దాని మీద కాయిల్ తీసి పక్క సిలిండర్ మీద పెట్టండి, పక్కది ఇక్కడ పెట్టండి. మళ్లీ నడిపినప్పుడు కోడ్ కాయిల్‌తో పాటు జరిగితే తప్పు కాయిల్‌ది. జరగకపోతే ప్లగ్గో, ఇంజెక్టరో, కంప్రెషనో చూడాలి. దీనికి పైసా ఖర్చు లేదు. మూడు కాయిల్స్ కట్టబెట్టేవాడు ఈ పని ఎందుకు చేయడో నాకు ఎప్పటికీ అర్థం కాదు. ఒకటి మాత్రం గుర్తు పెట్టుకోండి, ఇంజన్ నడుస్తుండగా కాయిల్ పైకి లాగి చూడొద్దు. పాత కార్బురేటర్ బండ్లలో వైరు లాగి మిస్సింగ్ పట్టే అలవాటు ఇంకా కొందరికి ఉంది. ఇందులో వేల వోల్టులు ఉంటాయి, చేతికి తగిలితే ఒక బాధ, దారి దొరక్క కాయిల్ కాలిపోతే ఇంకో బాధ.

మీరు చెప్పిన ఎత్తు ఎక్కేటప్పటి జెర్క్ మాత్రం ఇగ్నిషన్ వైపే చూపిస్తోంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడిలో నిప్పురవ్వ దూకాలంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. ప్లగ్ అరిగి గ్యాప్ (స్పార్క్ దూకే రెండు కొనల మధ్య సందు) పెరిగి ఉంటే అంత వోల్టేజీ ఇవ్వలేక కాయిల్ అప్పుడప్పుడు చేతులెత్తేస్తుంది. మెల్లగా పోతున్నప్పుడు ఏమీ తెలియదు. ఇంకో మాట, నడుస్తుండగా ఆ లైటు వెలిగి ఆరుతూ మినుకుమంటే బండిని అలాగే లాక్కుపోకండి, కాలని పెట్రోల్ సైలెన్సర్‌లోకి పోయి పొగని శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది. దాని ఖరీదు ముందు ప్లగ్గులు ఎంత.

నంబర్ల_పిచ్చి:
ప్లగ్ ఎంచుకోవడం గురించి నేను చెప్తాను. బ్రాండ్ తర్వాత, ముందు నంబర్ చూడండి. మీ మాన్యువల్‌లో ఉన్న నంబర్, లేదా పాత ప్లగ్ పింగాణీ మీద ఉన్న నంబర్. సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి పాతదాన్ని గుడ్డిగా నమ్మకండి, వెనకటి ఓనర్ ఏదో ఒకటి బిగించి ఉండొచ్చు, మాన్యువల్‌తో పోల్చి చూడండి.

ఆ అక్షరాల్లో ఏముందో తెలిస్తే షాపులో మోసపోరు. ఉదాహరణకి ఎన్‌జీకే వాళ్ల బీకేఆర్6ఈ-11 తీసుకోండి (మీ బండిది ఇదని కాదు, చదవడం చెప్తున్నా). మొదట్లో బీకే అంటే 14 మిల్లీమీటర్ల మర, 16 నంబర్ పానా. ఆర్ అంటే లోపల రెసిస్టర్ ఉంది, అది లేకపోతే ఇంజన్ కంప్యూటర్‌కీ రేడియోకీ గోల. 6 అంటే హీట్ రేంజ్. ఈ అంటే మర పొడవు 19 మిల్లీమీటర్లు. చివర 11 అంటే గ్యాప్ 1.1 మిల్లీమీటర్లు.

ఇందులో జనం ఎక్కువగా తికమకపడేది హీట్ రేంజ్ దగ్గరే. ఎన్‌జీకేలో, డెన్సోలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్ చల్లగా నడుస్తుంది, అంటే వేడిని త్వరగా హెడ్‌లోకి (ప్లగ్ బిగించే ఇంజన్ పై భాగం) వదిలేస్తుంది. బాష్‌లో సరిగ్గా దీనికి తిరగబడి, అంకె పెరిగితే వేడి ప్లగ్. ఎన్‌జీకే 6కి డెన్సోలో 20 సమానం. కాబట్టి ఒక కంపెనీ నంబర్ చూసి ఇంకో కంపెనీలో దగ్గరి అంకె ఇచ్చేసే షాపు నుంచి బయటికొచ్చేయండి. ప్లగ్ కొన సుమారు 500 నుంచి 850 డిగ్రీల మధ్య ఉండాలి. అంతకన్నా చల్లగా ఉంటే మసి కాలిపోకుండా పేరుకుంటుంది. మరీ వేడెక్కితే స్పార్క్ రాకముందే పెట్రోల్ అంటుకుని పిస్టన్ మీదికి వస్తుంది. మన ఊళ్లో ఎండలు ఎక్కువ కదా అని ఒక మెట్టు చల్ల ప్లగ్ వేయమనే సలహా అక్కడక్కడా వింటుంటాను, మామూలు బండికి అదంతా అనవసరం, కంపెనీవాళ్లు అన్నీ చూసుకునే నంబర్ ఇచ్చారు.

మర పొడవు తప్పితే ఇంకా ప్రమాదం. ఎక్కువ పొడవున్నది వేస్తే పిస్టన్‌కి తగలొచ్చు, పొట్టిది వేస్తే ఖాళీ మరలో కార్బన్ పట్టి తర్వాత సరైన ప్లగ్ దిగనే దిగదు.

బెజవాడ_బండి:
ఇద్దరికీ థాంక్స్ అండి. రీడర్ పెట్టి చూశాను, పీ0302 వచ్చింది. బాబాయ్ చెప్పినట్టు కాయిల్ మారుద్దామని రెండో సిలిండర్ కాయిల్ తీస్తే దాని రబ్బరు బూటు అంతా నూనె, కింద ప్లగ్ కూర్చునే గుంతలోనూ ఇంజన్ ఆయిల్ నిలిచి ఉంది. ప్లగ్ ఇంకా తీయలేదు, భయమేసి ఆగాను. ఒకటో సిలిండర్ ప్లగ్ తీసి చూస్తే కొన లేత గోధుమరంగులో ఉంది, కానీ పైన తెల్ల పింగాణీ మీద, ఇనుప భాగం పక్కనే చుట్టూ గోధుమరంగు మరక ఉంది. గ్యాస్ లీక్ అవుతోందా? పిస్టన్ రింగులు పోయాయంటారా? టెన్షన్‌గా ఉంది.

షెడ్డు_బాబాయ్:
టెన్షన్ పడకండి. గుంతలో నూనె ఉందంటే రింగులు పోయినట్టు కాదు. రింగులో, వాల్వ్ సీళ్లో పోతే ప్లగ్ లోపలి కొన నూనెతో తడిసి నల్లగా ఉంటుంది. మీది పై నుంచి వచ్చిన నూనె, ఇంజన్ పైన మూతలా ఉండే ట్యాపెట్ కవర్ ప్యాకింగూ, ప్లగ్ గుంతల చుట్టూ ఉండే రబ్బరు సీళ్లూ గట్టిపడి కారుతోంది. ఈ వయసు బండికి మామూలే. ఆ నూనె కాయిల్ బూటు రబ్బరుని ఉబ్బించి పాడుచేస్తుంది, అప్పుడు కరెంటు ప్లగ్ దాకా పోకుండా బూటు పగుళ్లలోంచి పక్క గోడకి దూకేస్తుంది. మీ జెర్క్‌కి కారణం దాదాపు ఇదే. ప్యాకింగ్ మార్చకుండా కొత్త ప్లగ్గులు, కొత్త కాయిల్స్ వేసి ఉంటే కొన్నాళ్లకి మళ్లీ ఇదే కథ నడిచేది.

ఇక ఆ గోధుమరంగు మరక గ్యాస్ లీక్ కాదు. ఎక్కువ వోల్టేజీ వల్ల గాలిలో తేలే నూనె తుంపరలు పింగాణీకి పట్టుకుంటాయి, కరోనా మరక అంటారు, దానితో నష్టం లేదు. కొన లేత గోధుమరంగు అంటే ఆ సిలిండర్ బాగా మండుతోందని అర్థం. తెల్లగా కాలి బొబ్బలెక్కినట్టు ఉంటే భయపడాలి, పొడి మసి పట్టి ఉంటే పెట్రోల్ ఎక్కువ పోతోందో, చిన్న చిన్న దూరాలే తిరుగుతున్నారో చూడాలి.

ఇప్పుడు పని. ఇంజన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టండి, హెడ్ అల్యూమినియం, వేడి మీద ప్లగ్ తిప్పితే మర ఊడొస్తుంది. ముందు రెండో గుంతలో నూనెంతా పొడవాటి స్క్రూడ్రైవర్‌కి పాత గుడ్డ చుట్టి పీల్చేయండి, అడుగున ఇసుక, దుమ్ము ఉంటే గాలి కొట్టి ఊదేయండి. నాలుగు చుక్కలు నూనె సిలిండర్‌లోకి జారినా మొదట కాస్త పొగ వస్తుందంతే. ఇసుక రేణువు పడితేనే తంటా. ప్లగ్ పానా లోపల రబ్బరో అయస్కాంతమో ఉన్నది తీసుకోండి, చిన్న కార్లలో 16 నంబరూ ఉంటుంది, 14 నంబరూ ఉంటుంది, మీరు ఒకటి తీశారు కాబట్టి ఏదో తెలిసే ఉంటుంది.

కొత్త ప్లగ్ ఎక్కించేటప్పుడు రాట్చెట్ ముట్టుకోవద్దు. ప్లగ్ తలకి పాత పెట్రోల్ పైపు ముక్క తొడిగి ఆ పైపుని వేళ్లతో తిప్పుతూ దించండి, మర వంకరగా పడితే పైపు జారిపోతుంది కానీ మర పాడవదు. వాషర్ ఆనేవరకు చేత్తోనే దిగాలి. ఆ తర్వాత టార్క్ రెంచ్ ఉంటే 14 మిల్లీమీటర్ల మరకి 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 మిల్లీమీటర్లదైతే 15 నుంచి 20. రెంచ్ లేకపోతే, కొత్త వాషర్ ఉన్న ప్లగ్ చేత్తో ఆనాక అర చుట్టు నుంచి చుట్టులో మూడింట రెండు వంతుల లోపు, అక్కడితో ఆపేయండి. వాషర్ లేకుండా కోన్ ఆకారంలో ఆనే ప్లగ్గులైతే చుట్టులో పదహారో వంతు చాలు, అర చుట్టు తిప్పారంటే హెడ్ పోతుంది. మరకి గ్రీజు రాయకండి. రాస్తే జారుడు ఎక్కువై అదే బలానికి ఇంకా లోపలికి బిగుసుకుంటుంది, ప్లగ్ సాగిపోతుంది. మర తినేసిన హెడ్లు మా దగ్గరికి వస్తూనే ఉంటాయి, అన్నీ చేతి బలం చూపించినవాళ్లవే. హెలికాయిల్ (పాడైన మరలో దించే తీగ చుట్ట) వేసి మర మళ్లీ తీయాలి, అదృష్టం బాగోకపోతే హెడ్ దించాల్సిందే.

ఐటీ_కారిడార్:
బాబాయ్ చెప్పినదంతా ఓకే కానీ ఇరిడియం మీద ఎవరూ సమాధానం ఇవ్వలేదు. నేను హైదరాబాద్‌లో రోజూ ఔటర్ మీద తిరుగుతాను, ఇరిడియం వేయించాక స్టార్టింగ్ చాలా స్మూత్‌గా ఉంది, పికప్ కూడా తేడా తెలిసింది. డబ్బులు పోతే పోయాయి, వేసేయండి బ్రో.

నంబర్ల_పిచ్చి:
ఐటీ_కారిడార్ అన్నా, అరిగిపోయిన ప్లగ్గులు తీసి కొత్తవి వేస్తే మామూలు నికెల్‌వైనా అంతే స్మూత్‌గా ఉంటుంది. మీరు పాత నికెల్‌ని కొత్త ఇరిడియంతో పోలుస్తున్నారు. కొత్త నికెల్‌తో పోల్చి చూస్తే చిన్న ఇంజన్‌లో పవర్ తేడా పట్టుకోవడం కష్టం. లీటరుకి రెండు మూడు కిలోమీటర్లు అనేది షాపువాడి నోటి మైలేజీ.

ఇరిడియం గొప్పతనం ఆయుష్షులో ఉంది. నికెల్ 1455 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఇరిడియంకి 2400 దాటాలి. అందుకే దాని మధ్య కడ్డీని 0.4, 0.6 మిల్లీమీటర్ల సన్నంగా చేయగలుగుతారు, మామూలు ప్లగ్‌లో అది 2.5 మిల్లీమీటర్లు ఉంటుంది. సన్నటి కొన నుంచి స్పార్క్ తక్కువ వోల్టేజీకే దూకుతుంది, కాయిల్ మీద భారం తగ్గుతుంది, ఇదొక్కటి నిజం. మామూలువి 30-40 వేల కిలోమీటర్లకి మార్చాలి, ఇరిడియం రకాన్ని బట్టి లక్ష దాకా కూడా పోతుంది, అది కూడా రెండు వైపులా ఖరీదైన లోహం ఉన్న రకమైతేనే. ఏడాదికి ఎనిమిది, పది వేలు తిరిగే బండికి నికెల్ చాలు. ప్లగ్గులు తీయాలంటే పైన సగం ఇంజన్ విప్పాల్సిన కార్లు ఉంటాయి, వాటికైతే ఇరిడియమే మేలు. వ్యాగన్ఆర్‌లో పావుగంట పని.

వేస్తే మాత్రం గ్యాప్ పట్టించేటప్పుడు ఆ సన్నటి కొన మీద గేజ్ పెట్టి తోయకండి, విరుగుతుంది. ఉప్పు కాగితంతో రుద్దే అలవాటు కూడా మానుకోండి.

ఇంకొకటి, నకిలీ. ఇరిడియం ఖరీదు కాబట్టి నకిలీలూ దానికే ఎక్కువ. బెజవాడ ఆటోనగర్‌లో అయినా, సికింద్రాబాద్ రాణీగంజ్‌లో అయినా కంపెనీ డీలర్ బోర్డు ఉన్నచోట బిల్లుతో తీసుకోండి. పింగాణీ మీద అక్షరాలు చెదిరినట్టున్నా, మర గరుకుగా ఉన్నా, సైడు కడ్డీ మధ్య కొనకి సూటిగా లేకున్నా తిరిగిచ్చేయండి. చేయి జారి కింద పడిన ప్లగ్ వేయొద్దు, పింగాణీలో పగులు బయటికి కనిపించదు.

గ్యాస్_బండి:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మాది కూడా ఇదే మోడల్, సీఎన్‌జీ. పెట్రోల్ మీద నున్నగా పోతుంది, గ్యాస్ మీదకి మార్చగానే ఇదే గక్కు గక్కు. గ్యాస్ కిట్ ట్యూనింగ్ చేయించమంటున్నారు, వెళ్లమంటారా?

షెడ్డు_బాబాయ్:
ట్యూనింగ్‌కి ముందు ప్లగ్గులు చూడండి. గ్యాస్‌ని అంటించడానికి పెట్రోల్ కన్నా ఎక్కువ వోల్టేజీ కావాలి, అందుకే కాస్త అరిగిన ప్లగ్ పెట్రోల్ మీద నెట్టుకొస్తుంది కానీ గ్యాస్ మీద బయటపడిపోతుంది. గ్యాస్ మీద ప్లగ్గులు త్వరగానే అరుగుతాయి, పెట్రోల్ బండి లెక్కతో నడపకండి, సీఎన్‌జీ మాన్యువల్‌లో మార్చే పట్టిక విడిగా ఉంటుంది. ప్లగ్గులు కొత్తవే అయితే కాయిల్ బూట్లు తీసి చూడండి, నూనె, పగుళ్లు, తెల్లటి గీతలు ఏవైనా ఉన్నాయేమో. ఎయిర్ ఫిల్టర్ కూడా ఒకసారి దులపండి. ఇవన్నీ బాగుంటేనే కిట్ దగ్గరికి. ఇంతకీ కంపెనీ కిట్టా, బయట వేయించిందా? బయటదైతే కొందరు గ్యాప్ కొద్దిగా తగ్గించి వేస్తారు, పాత ప్లగ్ తీసినప్పుడు ఎంత ఉందో కొలిచి ఇక్కడ పెట్టండి.